నూటికి నలభై

మా పెద్దత్తకు రెండేళ్లప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. పోలియో అనే మాట మా ఇంట్లోకి చాలా ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు అది 'వాతం కొట్టడం', అంతే. నడిచేటప్పుడు ఎడమచెయ్యి మోకాలి మీద ఆనించి, కాలిని వెనక్కి నొక్కి, ఒక్కో అడుగూ వేస్తుంది. మాది డోన్ వైపు మెట్ట పల్లె. నా చిన్నతనంలో కర్నూలు జిల్లా, 2022లో జిల్లాలు విడగొట్టాక నంద్యాల జిల్లా.

మేనరికం ఉన్న ఇంట్లో ఆడపిల్ల మీద మొదటి హక్కు మేనమామది అంటారు. పెద్దత్త విషయంలో ఆయన ఆ హక్కు వదులుకున్నాడు. రెండో పెళ్లివాళ్లు, ముసలివాళ్లు ఒకరిద్దరు వచ్చి చూసిపోయారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఆమె తమ్ముడి ఇంట్లో, అంటే మా ఇంట్లో ఉండిపోయింది. మా అమ్మా నాన్నా చేనికి పోతే ఇల్లంతా ఆమెదే. కసువు ఊడ్చడం, సంగటి కెలకడం, మమ్మల్ని ముగ్గురిని పెంచడం, సాయంత్రాలు చెనక్కాయలు ఒలవడం. అయినా ఊళ్లోవాళ్లు ఆమె గురించి చెప్పేటప్పుడు వాడే మాట ఒక్కటే: 'పాపం, తమ్మునింట్లో కూచోని తింటాంది.'

2010 ప్రాంతంలో, 'సదరం' అనే కంప్యూటర్ పద్ధతిలో వికలాంగులకు సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలైన కొత్తలో, నేను ఆమెను ఒక క్యాంపుకు తీసుకెళ్లాను. నలభై శాతం వైకల్యం ఉందని కాగితం ఇస్తే పింఛను వస్తుంది. పొద్దున ఏడింటికి వరసలో నిలబడితే మధ్యాహ్నం రెండుకు పిలిచారు. చిన్న వయసు డాక్టరు కాలు కొలిచాడు, మోకాలు వంచి చూశాడు, నడవమన్నాడు. రాసుకుంటూ, మర్యాదగానే, "ఇంట్లో ఏం పని చేస్తారమ్మా?" అని అడిగాడు. పెద్దత్త నిటారుగా నిలబడి, "అన్నీ చేస్తా సార్. నేను చెయ్యని పని లేదు" అంది.

కాగితంలో 35 శాతం అని వచ్చింది. పింఛను రాదు.

తిరుగు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. ఊరు దగ్గర పడ్డాక అంది: "అమ్మీ, నూటికి ముప్పై అయిదు పాళ్లే కుంటిదాన్నంట. మిగతా అరవై అయిదు పాళ్లు ఎవురికి పనికొచ్చిందో ఆ అబ్బిని అడగాల్సిండె."

రెండేళ్ల తర్వాత ఇంకో క్యాంపులో, ఇంకో డాక్టరు చూసి, అదే కాలుకి 50 శాతం వేశాడు. పింఛను వచ్చింది. కాలు మాత్రం ఏం మారలేదు.

ఒక మనిషి కాలుకి నూటికి ఇంత అని వెల కట్టే అధికారం ఎవరికి, ఎప్పుడు, ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెడితే 'వైకల్య అధ్యయనాలు' అనే జ్ఞానరంగం ఒకటుందని తెలిసింది. స్త్రీ అధ్యయనాలు, దళిత అధ్యయనాలు మనకు పరిచయమే. అవి పుట్టినట్టే ఇదీ ఉద్యమంలోంచి పుట్టి విశ్వవిద్యాలయాల్లోకి నడిచింది. ఇన్నేళ్లుగా స్త్రీవాదం చదువుకుంటూ, రాసుకుంటూ ఉన్న నేను దీన్ని ఇంత ఆలస్యంగా చూడటం నాకే సిగ్గనిపించింది.

1972 సెప్టెంబరులో పాల్ హంట్ అనే ఆయన ఇంగ్లండులో గార్డియన్ పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. కండరాలు క్షీణించే జబ్బు ఉన్న మనిషి, ఏళ్ల తరబడి వికలాంగుల ఆశ్రమంలో బతికినవాడు. మమ్మల్ని ఇలా వేరే పెట్టి, ఎప్పుడు తినాలో ఎప్పుడు పడుకోవాలో ఇతరులు నిర్ణయించడం ఏమిటి, మనమే ఒక సంఘం పెట్టుకుందాం రండి అన్నది ఆ ఉత్తరం సారాంశం. అలా ఏర్పడిన సంఘంలో విక్ ఫింకెల్‌స్టీన్ అనే ఆయన కూడా చేరాడు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షకు వ్యతిరేకంగా పనిచేసి, జైలు అనుభవించి, బ్రిటన్‌కు శరణార్థిగా వచ్చిన మనిషి. చర్మం రంగును బట్టి మనుషుల్ని వేరే పెట్టడాన్ని చూసిన కళ్లకు, శరీరాన్ని బట్టి వేరే పెట్టడం కూడా రాజకీయంగానే కనబడింది.

ఆ సంఘం 1976లో ఒక పత్రం ప్రచురించింది. అందులో చేసిన పని ఒక్కటే, కానీ పెద్దది. ఒకే మాటగా వాడుతున్నదాన్ని రెండుగా విడదీశారు. కాలు పనిచేయకపోవడం, చూపు లేకపోవడం శరీరానికి సంబంధించిన విషయం. దాన్ని 'లోపం' అందాం. ఆ మనుషుల్ని లెక్కలో పెట్టుకోకుండా బళ్లూ బస్సులూ ఉద్యోగాలూ కట్టుకున్న సమాజం వాళ్ల మీద మోపే అడ్డంకి 'వైకల్యం'. లోపం ఒంట్లో ఉంటుంది, వైకల్యం లోకంలో ఉంటుంది. 1983లో మైక్ ఆలివర్ దీనికి 'సామాజిక నమూనా' అని పేరు పెట్టాడు. మనిషిని బాగుచేస్తే సమస్య తీరిపోతుందనే పాత చూపు 'వైద్య నమూనా' అయింది. అమెరికాలో ఇర్వింగ్ జోలా అనే సామాజిక శాస్త్రవేత్త, తనూ పోలియో సోకినవాడే, తోటివాళ్లతో కలిసి 1982లో ఈ చదువు కోసం ఒక విద్వత్ సంఘం పెట్టాడు. దానికే తర్వాత వైకల్య అధ్యయనాల సంఘం అని పేరు స్థిరపడింది.

ఈ విభజన స్త్రీవాద పాఠకులకు కొత్తగా ఉండదు. ఆడ శరీరం వేరు, ఆడదానిగా తయారుచేయడం వేరు అని మనం చెప్పుకున్నదానికి ఇది తోబుట్టువు. మా పెద్దత్త కాలు సన్నబడటం లోపం. మా పల్లెకొచ్చే బస్సు మొదటి మెట్టు ఆమె మోకాలి కంటే ఎత్తుగా ఉండటం వైకల్యం. బడి మూడు మైళ్ల దూరంలో ఉందని ఆమెను అసలు చేర్పించకపోవడం, అదే దూరం మా నాన్నను భుజాన ఎక్కించుకుని తీసుకెళ్లడం, రెండో రకం వైకల్యం. దానికి కాలొక్కటే కారణం కాదు.

అయితే 'నూటికి ఎంత' అన్న ప్రశ్నకు జవాబు బస్సు మెట్టు దగ్గర దొరకలేదు. అది డెబొరా స్టోన్ అనే అమెరికన్ పండితురాలు 1984లో రాసిన 'ది డిసేబుల్డ్ స్టేట్' పుస్తకంలో దొరికింది. ఆమె వాదన ఇది: సమాజంలో బతుకుతెరువుకు రెండు దారులున్నాయి. ఒకటి పని చేసి సంపాదించుకోవడం, రెండోది అవసరాన్ని బట్టి సాయం పొందడం. అందరూ రెండో దారిలోకి రాకుండా కాపలా కాయడానికి రాజ్యానికి ఒక గీత కావాలి. ఎవరు నిజంగా పని చేయలేరు, ఎవరు నటిస్తున్నారు అని తేల్చే ఆ గీతే 'వైకల్యం' అనే పాలనా వర్గం. 1834 నాటి ఇంగ్లండు పేదల చట్టం కింద ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లను వేరు చేయడానికే రోగులు, పిచ్చివాళ్లు, అవిటివాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు అని గదులు గీశారు. అంటే ఆ గదులు మనుషుల శరీరాలను చూసి గీసినవి కావు. మిగిలినవాళ్ల చేత పని చేయించడానికి గీసినవి.

చదువుతుంటే నాకు ఇంగ్లండు కాదు, మా జిల్లా కనబడింది. ఆ గీతను మా నేల మీద గీసిన సందర్భం ఒకటుంది. మావైపు దాన్ని ధాత కరువు అంటారు.

ధాత నామ సంవత్సరం అంటే 1876-77. వానలు పోయాయి, రెండేళ్లు కరువు నడిచింది. మద్రాసు రాజధానిలో లక్షలమంది చనిపోయారు. దత్త మండలాలు, కర్నూలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది.

ప్రభుత్వం సాయం చేయలేదని కాదు, సాయానికి పరీక్ష పెట్టింది. ఒంట్లో శక్తి ఉన్నవాళ్లు రోడ్లకూ కాలువలకూ మట్టి మోసి కూలి తీసుకోవాలి. 1877 మొదట్లో ఖర్చు తగ్గించడానికి కేంద్ర ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ ఆ కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. అంటే సుమారు 450 గ్రాముల గింజలు. అది మగవాడికి. ఆడవాళ్లకూ పని చేసే పిల్లలకూ ఇంకాస్త తక్కువ. మద్రాసు ఆరోగ్య శాఖ కమిషనర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్, ఈ తిండితో రోజంతా మట్టి మోస్తే మనిషి నిలబడడని, కనీసం పౌనున్నర గింజలూ దానితో పాటు పప్పూ కూరగాయలూ కావాలని వాదించాడు. ఆ ఏడాది మార్చిలో కూలిని కొంత పెంచారు. ఈలోగా మట్టి తట్ట కింద ఎన్ని శరీరాలు దెబ్బతిని ఉంటాయో ఊహించుకోవచ్చు. పని చేయగలవాడని వర్గీకరించడమే పని చేయలేనివాణ్ణి తయారుచేసింది.

పని చేయలేనివాళ్లకు ఉచిత సాయం అని వేరే వరస. ఆ వరసలో ఎవరుండాలో కరువు కమిషన్ 1880 నివేదిక, దాని వెనకే వచ్చిన కరువు నియమావళులు రాసిపెట్టాయి. గుడ్డివాళ్లు, అవిటివాళ్లు, మతిలేనివాళ్లు, వయసు వల్లో నీరసం వల్లో సంపాదించుకోలేనివాళ్లు. ఇంకో రెండు వర్గాలు కూడా ఉన్నాయి. మంచానపడ్డవాళ్లనూ పసిబిడ్డలనూ చూసుకోవడానికి ఇల్లు కదలలేనివాళ్లు ఒకరు, కులాచారం వల్ల బయటికి రాకూడని స్త్రీలు మరొకరు.

ఈ జాబితాను ఆడవాళ్ల కళ్లతో చదివితే రెండు సంగతులు తోస్తాయి. బయటికి రాకపోవడం గౌరవంగా చెల్లే పైకులాల స్త్రీకి పని నుంచి మినహాయింపు దొరికింది. మాల, మాదిగ, బోయ స్త్రీకి అలాంటి గౌరవం లేదు కాబట్టి ఆమె తట్ట మోయాల్సిందే. 'పని చేయలేని శరీరం' అనే గీత వైద్యం గీసింది కాదు, కులం కూడా పక్కన కూర్చుని గీసింది. రెండోది ఇంకా ఆశ్చర్యం. మంచంలో ఉన్న మనిషిని కనిపెట్టుకుని ఉండటం కూడా ఒక పనేనని, ఆ పని చేసేవాళ్లకు వేరే పని చెప్పలేమని ఆ కఠినమైన వలస ప్రభుత్వం కాగితం మీదైనా ఒప్పుకుంది. మన 2016 చట్టం కూడా ఎక్కువ ఆసరా కావలసినవాళ్లకు సంరక్షకుల భత్యం గురించి మాట్లాడింది. మావైపు ఇళ్లలో ఆ మాట విన్న ఆడవాళ్లను నేనింకా చూడలేదు.

ఆ కరువును ఫొటోలు తీసినవాడు కూడా ఉన్నాడు. విల్లోబీ వాలేస్ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాజధానిలో ఎముకలు తేలిన మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసిన చిత్రాలు ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తాయి. తల్లుల ఒళ్లో పిల్లలుంటారు. ఎవరికీ పేరుండదు. రోజ్‌మేరీ గార్లండ్-థామ్సన్ 2009లో 'స్టేరింగ్' అని ఒక పుస్తకమే రాశారు, తేరిపార చూడటం గురించి. మగచూపు గురించి మనం ఎంతో మాట్లాడుకున్నాం. మామూలు కాదనిపించే శరీరం మీద ఆగిపోయే చూపు ఇంకొకటుంది. క్యాంపులో పదిమంది ముందు చీర మోకాలి పైకి ఎత్తమన్నప్పుడు మా పెద్దత్త మీద ఆ రెండు చూపులూ ఒకేసారి పడ్డాయి.

కరువు శిబిరంతో పాటు రాజ్యం మనుషుల్ని గదుల్లో పెట్టిన రెండో చోటు జనాభా లెక్కలు. 1881 నుంచి 1931 దాకా ప్రతి లెక్కలోనూ 'అంగవైకల్యాల' పట్టిక ఉండేది. అందులో గదులు నాలుగు: పిచ్చి, పుట్టు చెవిటి-మూగ, రెండు కళ్లూ లేకపోవడం, కుష్టు. కాలు పోయినవాళ్లకు, చెయ్యి పోయినవాళ్లకు గది లేదు. ఇంట్లో ఆడపిల్లకు మాట రాదని ఎన్యూమరేటరుతో ఎవరు చెబుతారు? పెళ్లి కావాలి కదా. 1941 నుంచి ఆ పట్టిక పోయింది. 1981లో ఒకసారి అడిగి, 1991లో మళ్లీ వదిలేసి, వికలాంగుల ఉద్యమం పట్టుబట్టాక 2001లో తిరిగి పెట్టారు. 2011 లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది. అందులో మగవాళ్లు 1.50 కోట్లు, ఆడవాళ్లు 1.18 కోట్లు.

ఈ తేడా దగ్గర మనం ఆగాలి. ఆడవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారు, ముసలితనంలో చూపూ కీళ్లూ పోయేదీ వాళ్లకే ఎక్కువ. మరి 32 లక్షల మంది ఎందుకు తక్కువయ్యారు? కొందరు బతకలేదు. లోపంతో పుట్టిన ఆడపిల్లకు పెట్టే తిండీ చేయించే వైద్యమూ ఎంతో మనకు తెలుసు. కొందర్ని దాచారు. ఇంకా కొందర్ని, నా ఊహలో చాలామందిని, ఎవరూ వికలాంగులుగా గుర్తించనే లేదు. వండుతోంది, ఊడుస్తోంది, ఇంకేం వైకల్యం? మగవాడికి కాలు పోతే అరక ఆగుతుంది, ఊరికి తెలుస్తుంది. ఆడదానికి కాలు పోతే ఆమె కూర్చుని సంగటి కెలుకుతుంది. ఇంటిపని పని కాదు కాబట్టి దాన్ని చేయగలగడానికి వెల లేదు, చేయలేకపోవడానికి లెక్కా లేదు. క్యాంపులో 'నేను చెయ్యని పని లేదు' అన్న మా పెద్దత్త మాట, ఊళ్లో 'కూచోని తింటాంది' అన్న మాట, రెండూ ఒకే గీతకు రెండు వైపులు. ఊరికి ఆమె పని చేయనిది, పింఛనుకు ఆమె పని చేయగలది. రెండు చోట్లా నష్టపోయింది ఆమే.

1995లో పార్లమెంటు చేసిన చట్టంలో ఏడు రకాల వైకల్యాలు, వైద్యాధికారి ధ్రువీకరించిన నలభై శాతం అనే నిర్వచనం వచ్చాయి. 2007లో మన దేశం ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. వికలాంగ స్త్రీల మీద బహుముఖ వివక్ష ఉంటుందని దాని ఆరో అధికరణం ప్రత్యేకంగా చెబుతుంది. ఆ ఒడంబడిక చర్చల్లో పాల్గొన్న న్యాయశాస్త్ర పండితురాలు అమితా ధండా పాఠం చెప్పింది మన హైదరాబాదు నల్సార్‌లోనే. 2016 చట్టంలో రకాలు ఇరవై ఒకటయ్యాయి, యాసిడ్ దాడికి గురైనవాళ్లూ చేరారు. నలభై శాతం గీత మాత్రం అక్కడే ఉంది.

ఇక మన సంగతి. 1988లోనే మిషెల్ ఫైన్, ఏడ్రియన్ ఆష్ వికలాంగ స్త్రీల మీద ఒక సంకలనం తెచ్చారు. ఆష్‌కు చూపు లేదు. 1991లో జెన్నీ మోరిస్, 1996లో సూసన్ వెండెల్ స్త్రీవాదాన్నీ వైకల్య ఉద్యమాన్నీ రెండింటినీ నిలదీశారు. ఉద్యమం మగ గొంతుతో మాట్లాడుతోంది, అడ్డంకులన్నీ తీసేసినా నొప్పి ఉంటుందని, అలసట ఉంటుందని చెప్పనివ్వడం లేదన్నారు. స్త్రీవాదం 'మనం' అన్నప్పుడు ఆ మనంలో చాకిరీ చేసే కూతురు ఉంది గాని, చేయించుకునే తల్లి ఎక్కడుందని అడిగారు. మన దేశంలో ఈ ప్రశ్నను గట్టిగా వేసింది అనితా ఘాయ్. తనకూ చిన్నప్పుడే పోలియో వచ్చింది. 2003లో వచ్చిన ఆమె పుస్తకం ఈ దారిలో నాకు మొదటి దీపం. 2024లో ఆమె చనిపోయారు.

నిజాయితీగా ఒప్పుకోవాలి. 1994లో మహారాష్ట్రలో ఒక ప్రభుత్వ వసతి గృహంలోని మానసిక వైకల్యం ఉన్న అమ్మాయిలకు గర్భసంచులు తీసేసినప్పుడు మహిళా సంఘాలు నిరసన తెలిపాయి. 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో, మానసిక ఎదుగుదల తక్కువున్నంత మాత్రాన ఒక స్త్రీకి ఆమె అనుమతి లేకుండా గర్భస్రావం చేయించరాదని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు సంతోషించాం. అలాంటి పెద్ద సంఘటన జరిగినప్పుడు తప్ప మిగతా రోజుల్లో వికలాంగ స్త్రీ మన ఎజెండాలో ఉందా? మన సభలు పై అంతస్తుల్లో, లిఫ్టు లేని హాళ్లలో జరిగాయి. అబార్షన్ మా హక్కు అన్నాం. లోపం ఉందని తేలిన పిండాన్ని తీసేయడం గురించి వికలాంగ స్త్రీలు అడిగే ఇబ్బందికరమైన ప్రశ్న దగ్గర మౌనంగా ఉన్నాం. మన రాతలు చూడండి: గుడ్డి నమ్మకం, మూగ వేదన, చెవిటి ప్రభుత్వం, కుంటిసాకు. నేనే ఎన్నిసార్లు రాశానో. అవిటి పోయి వికలాంగులు, అది పోయి విభిన్న ప్రతిభావంతులు, 2015 చివర్లో ప్రధాని నోట దివ్యాంగులు. పిలుపు మారినంత సులువుగా బస్సు మెట్టు మారలేదు.

మన సినిమా మాత్రం లోపమున్న ఆడపిల్లను ప్రేమించింది. 1976లో 'సిరిసిరిమువ్వ'లో మాటరాని నర్తకి, 1986లో 'సిరివెన్నెల'లో మాటరాని చిత్రకారిణి. నేనూ ఏడుస్తూ చూశాను. ఇప్పుడు చూస్తే, ఎదురు మాట్లాడలేని అందమైన అమ్మాయి అంటే మన ప్రేక్షకులకు ఎందుకంత ఇష్టమో అనిపిస్తుంది. పోలియో కాలుతో, నల్లగా, నోరున్న మా పెద్దత్త మీద ఎవరూ సినిమా తీయరు.

ఇన్ని నేర్పిన సామాజిక నమూనాతో రాయలసీమకు ఒక పేచీ కూడా ఉంది. లోపం సహజం, వైకల్యం సామాజికం అని అది తేలిగ్గా అనేస్తుంది. మా నేల మీద లోపం కూడా సహజంగా రాలేదు. టీకా చేరని పల్లెలో పోలియో సహజమా? 1937లో మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటగా గుర్తించింది కడపను ఆనుకునే ఉన్న నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. వంగిపోయిన ఆ వెన్నులు ఏ నీళ్లు తాగాల్సివచ్చి వంగాయి? పులివెందుల వైపు ఆస్‌బెస్టాస్ గనులు, బేతంచెర్ల నాపరాయి గనులు, ఫ్యాక్షన్ బాంబులు ఎన్ని చేతుల్ని, కాళ్లని, ఊపిరితిత్తుల్ని తీసుకున్నాయి? దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకు ఆ ఇరవై ఒక్క రకాల్లో చోటు కూడా లేదు. 2011లో నిర్మలా ఎరవెలిస్, హెలెన్ మీకోషా వేర్వేరుగా ఇదే రాశారు. వలస పాలన, యుద్ధం, పెట్టుబడి శరీరాల్ని విరగ్గొట్టే చోట, లోపాన్ని గర్వంగా సొంతం చేసుకోమని మాత్రమే చెబితే సరిపోదు, విరగ్గొట్టినవాళ్లెవరో కూడా అడగాలన్నారు. ఫ్యాక్షన్‌లో చెయ్యి పోయిన మగవాడికి ఊళ్లో ఒక కథ ఉంటుంది. ముప్పై ఏళ్లు అతనికి అన్నం కలిపి పెట్టిన భార్య నడుముకు కథ లేదు, శాతమూ లేదు.

ఇక్కడ మనం చేయగల పని ఒకటుంది. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్ల దగ్గర కూర్చుని అడిగి రాసింది. కాగితాల్లో లేనివాళ్ల చరిత్ర అలాగే వస్తుంది. కర్నూలు, కడప పల్లెల్లో పోలియో తరం ఆడవాళ్లు ఇప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో ఉన్నారు. 2014లో దేశం పోలియో రహితమైంది, సంతోషమే. కానీ రోగం పోయింది గాని, అది తాకిన మనుషులు పోలేదు. వాళ్లను ఎవరైనా అడగాలి. బడికి ఎందుకు పోలేదు, పెళ్లి ఎందుకు కాలేదు, అయితే ఎట్లా అయింది, ఎవరి పిల్లల్ని పెంచారు, ఆస్తిలో వాటా ఏమైంది అని. మా పెద్దత్తను ఈ చివరి ప్రశ్న నేనింతవరకూ అడగలేదు. జవాబు మా నాన్న పేరు మీదున్న నాలుగెకరాల్లో ఉంది. అందుకే అడగలేదు.

2024 జులైలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది. మా ఇంట్లో ఆమె మాటకు కాస్త బరువొచ్చింది. 'కూచోని తింటాంది' అనేవాళ్లు తగ్గారు. 2025లో రాష్ట్రమంతటా సర్టిఫికెట్ల మీద మళ్లీ తనిఖీ మొదలైంది. నటించేవాళ్లు లేరని నేననను. కానీ సాయం పెరిగిన ప్రతిసారీ గీత దగ్గర కాపలా పెరుగుతుందని డెబొరా స్టోన్ చెప్పింది గుర్తొచ్చింది. పెద్దత్తకూ పిలుపొచ్చింది.

ఈసారీ నేనే తీసుకెళ్లాను. ఆమెకిప్పుడు డెబ్బై. బస్సు మొదటి మెట్టు ఎక్కించడానికి ఇద్దరం పట్టుకోవాల్సివచ్చింది. దారిలో నేను, కాస్త నసుగుతూనే, "అత్తా, పని ఏం చేస్తావని అడిగితే అన్నీ చేస్తానని చెప్పొద్దే" అన్నాను.

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. "చెయ్యలేదని చెప్పమంటావా అమ్మీ? మిమ్మల్ని ముగ్గురిని ఎవురు సాకిండేది మరి?" అంది.

ఏం చెప్పాలో నాకు తోచలేదు. క్యాంపులో పిలిచినప్పుడు ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించుకుని లేచింది. నేను కాగితాల సంచి పట్టుకుని వెనక నడిచాను.